రేడియో కిట్టుకు తెలుగులో సూచనల పుస్తకం రాయాలంటే అందులో ఏమేమి ఉండాలి?

ఒంగోలు పాలిటెక్నిక్ మిత్రులకు నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆరుగురు కలిసి 40 మీటర్ల హామ్ బ్యాండుకు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారికి కేటాయించిన 7 మెగాహెర్ట్జ్ పట్టీకి, చిన్న డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ (ఏరియల్ నుంచి వచ్చినదాన్ని ఒకే మెట్టులో నేరుగా ఆడియోగా మార్చేది) కిట్లు తెప్పించుకున్నారు. పెట్టెలో వచ్చిన సూచనలు రెండు పేజీలే: ఒక సర్క్యూట్ బొమ్మ, ఒక విడిభాగాల పట్టిక. మూడు బోర్డులు పలికాయి, మూడు పలకలేదు. వచ్చే ఏడాది జూనియర్ల చేత కూడా కట్టించాలని ఉంది కాబట్టి తెలుగులో మీరే ఒక పుస్తకం రాయాలనుకుంటున్నారు. అందులో ఏమేమి ఉండాలని అడిగారు.

మాది నెల్లూరు జిల్లా కావలి. హామ్ లైసెన్సు ఉంది, ఇన్నేళ్లలో పాతిక దాకా కిట్లు కట్టాను. తెలుగులో ఒక సూచనల పుస్తకం రాసి, మూడుసార్లు తిరగరాశాను. ఆ తిరగరాతల్లో తెలిసిన ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. ఏ భాగం ఎక్కడ పెట్టాలో చెప్పడంతో పుస్తకం పని సగమే తీరుతుంది. పెట్టినది సరిగా కూర్చుందో లేదో, తరువాతి మెట్టు ఎక్కకముందే, కట్టే మనిషి తనంతట తాను తెలుసుకునే దారి చూపడం మిగతా సగం. మీకు వచ్చిన రెండు పేజీలలో ఆ సగం లేదు. అందుకే మూడు బోర్డులు మూగవయ్యాయి, ఎందుకు మూగవయ్యాయో కూడా మీకు తెలియడం లేదు.

ఇది నాకు మొదట తెలిసింది మా నాన్నగారి దుకాణంలో. ఆయన రేడియోలు బాగుచేసేవారు. 1989 నవంబరులో తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. కరెంటు స్తంభాలు నేలకూలాయి. ఆ రోజుల్లో బ్యాటరీ రేడియోలే దిక్కు. తడిసిపోయిన ట్రాన్సిస్టర్ సెట్లను జనం సంచుల్లో వేసుకుని తెచ్చేవారు. నాన్నగారు మూత తీసి, ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆ తరువాతే బల్ల మీద పెట్టేవారు. ఏ సెట్టయినా ఆయన చేయి మొదట స్పీకరు మీదికే వెళ్లేది. స్పీకరు తీగలకు బ్యాటరీ ఒక్క క్షణం తాకిస్తే టక్కుమనాలి. అంటే స్పీకరు బాగుంది. తరువాత వాల్యూము కంట్రోలు మధ్య కాలు మీద స్క్రూడ్రైవరు కొన ఆనిస్తే గరగరమనాలి. అంటే ఆడియో భాగం బాగుంది. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు వెనక్కి, ఏరియల్ దాకా. ఎక్కడ చప్పుడు ఆగిపోతే లోపం అక్కడ.

మీ పుస్తకంలో అధ్యాయాల వరుస కూడా అదే ఉండాలని నా గట్టి అభిప్రాయం. చాలా కిట్లలో ‘ముందు రెసిస్టర్లన్నీ, తరువాత కెపాసిటర్లన్నీ, చివర ట్రాన్సిస్టర్లు’ అని రాస్తారు. పొట్టి భాగాలు ముందు, పొడుగువి తరువాత వేస్తే బోర్డు బల్ల మీద కుదురుగా నిలుస్తుంది, అది నిజమే. కానీ మొదటిసారి కట్టేవారు ఆ పద్ధతిలో నూరు టంకాలూ వేసేదాకా చీకట్లో నడుస్తారు. చివరికి బ్యాటరీ పెడితే చప్పుడు రాదు. నూరు టంకాల్లో తప్పు ఎక్కడుందో వెతకడం వారి వల్ల కాదు, బోర్డు అటక ఎక్కుతుంది. పొట్టి పొడుగుల వరుసను ఒక్కో భాగం లోపల పాటిస్తే చాలు.

మీ కిట్టు వంటి రిసీవరుకు నేను రాసిన మెట్లు నాలుగు. మొదటిది కరెంటు వచ్చే దారి. ఐసీలను సాకెట్లలో పెట్టకముందే, బ్యాటరీకి బోర్డుకు మధ్య మోటారుసైకిలు ఇండికేటరు బల్బు ఒకటి సీరీస్‌లో కలిపి చూడమంటాను. బల్బు వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ ఏదీ కాలిపోదు. వెలగలేదంటే ముందుకు వెళ్లవచ్చు. రెండోది ఆడియో. ఆడియోను పెంచే ఎల్ఎం386 ఐసీ ఉంటే దాని 6వ కాలు మీద 12 వోల్టులు, 5వ కాలు మీద అందులో సగం, అంటే దాదాపు 6 వోల్టులు ఉండాలి. ఇక్కడే వాల్యూము కంట్రోలు మీద స్క్రూడ్రైవరు పరీక్ష. ఇంతవరకు వచ్చిన విద్యార్థి ఒక ఆడియో యాంప్లిఫయరు కట్టినట్లే. వారి చేతి పని మొదటిసారి చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినడం కోసమైనా ఈ వరుస పాటించాలి. దాంతో వచ్చే ధైర్యం మిగతా బోర్డంతా కట్టిస్తుంది.

మూడోది ఆసిలేటరు, అంటే బోర్డు మీదే రేడియో తరంగాన్ని పుట్టించే భాగం. ఫ్రీక్వెన్సీ కౌంటరు అందరి దగ్గరా ఉండదు. షార్ట్‌వేవ్ ఉన్న పాత రేడియో ఒకటి దగ్గర పెట్టుకుని 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ముల్లు నెమ్మదిగా తిప్పమనండి. ఒకచోట బుసబుస ఒక్కసారిగా అణగిపోతుంది. అక్కడ మీ ఆసిలేటరు పలుకుతోందన్నమాట. బోర్డుకు కరెంటు తీస్తే బుస మళ్లీ రావాలి. నాలుగోది మిక్సరు (ఆ తరంగాన్ని ఏరియల్ నుంచి వచ్చినదానితో కలిపేది), ఏరియల్ వైపు భాగం. ముప్పై అడుగుల తీగ డాబా మీద నుంచి వేపచెట్టుకు కట్టినా, దాన్ని తాకించగానే స్పీకరులో చిటపటలు పెరగాలి. మన హామ్ బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు. దాని పైనే విదేశీ ప్రసార కేంద్రాలు ఉంటాయి కాబట్టి సాయంత్రం వేళ ఇలాంటి చిన్న రిసీవర్లలో అవి చొరబడతాయి. ఈ మాట పుస్తకంలో తప్పక రాయండి. లేకపోతే చక్కగా పనిచేస్తున్న రిసీవరును పాడైందనుకుని విప్పేస్తారు.

అంకె రాసి వదిలేస్తే కూడా చాలదు. మొదటి ప్రతిలో నేను ‘5వ కాలు మీద 6 వోల్టులు’ అని మాత్రమే రాశాను. ఒక కుర్రవాడికి 5.8 వచ్చింది. మూడు రోజులు ఆ 0.2 వోల్టు కోసం వెతికాడు. బ్యాటరీ కొంచెం దిగి ఉంది, అంతే. ఇప్పుడు ఇలా రాస్తున్నాను: మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి, నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు ఆనించండి, 5వ కాలు మీద బ్యాటరీ వోల్టేజిలో సగం రావాలి, అర వోల్టు అటూ ఇటూ ఉన్నా పరవాలేదు. సున్నా వస్తే 6వ కాలుకు కరెంటు అందుతోందో లేదో, ఐసీ తిరగబడిందేమో చూడండి. బ్యాటరీ వోల్టేజి మొత్తం వస్తే 4వ కాలు టంకం చూడండి. ప్రతి కొలతకూ ఈ మూడూ ఉండాలి: రావలసినది ఎంత, ఎంత తేడా వరకు నిశ్చింత, అది రాకపోతే ముందుగా ఎక్కడ చూడాలి.

ఇక కాయిల్స్. పుస్తకంలో ఎక్కువ పేజీలు వీటికే ఇవ్వండి, ఎక్కువ ఫొటోలు కూడా. నేను కట్టిన మొదటి ట్రాన్స్‌సీవర్ (వినడానికీ ప్రసారానికీ పనికొచ్చే సెట్టు) కిట్టులో మూడు తీగలు కలిపి పెనవేసి ఉంగరం లాంటి కోర్ మీద చుట్టే ట్రాన్స్‌ఫార్మర్లు రెండు ఉన్నాయి. మూడు తీగలూ ఒకే రంగు. సూచనలలో ఒకే ఒక వాక్యం, పది చుట్లు చుట్టి బొమ్మలో చూపినట్లు కలపమని. బొమ్మలో చుక్కలు ఉన్నాయి. ఆ చుక్క తీగ మొదలుకు గుర్తని ఎక్కడా లేదు. ఒక తీగ చివరను రెండో తీగ మొదలుకు కలపవలసింది పోయి, మొదలును మొదలుకే కలిపాను. అప్పుడు ఒక తీగ చేసిన పనిని రెండోది చెరిపేస్తుంది. చూపుకు అంతా చక్కగా ఉంది, కొలిస్తే వోల్టేజీలన్నీ సరిగానే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. పదిహేడు రోజులు పట్టింది తెలియడానికి.

కాబట్టి మీ కిట్టులో మూడు తీగలకు మూడు రంగుల ఎనామిల్ తీగ (పలచని పూత ఉన్న రాగి తీగ) ఇవ్వండి. దొరకకపోతే చుట్టకముందే ఒక్కో తీగ రెండు కొసలకూ ఒక్కో రంగు గోళ్ల రంగు పూయమనండి. చుట్టిన తరువాత, బోర్డులో పెట్టకముందు, మీటరును బీప్ మీద పెట్టి ఒకే రంగు కొసల మధ్య మోగాలి, వేర్వేరు రంగుల మధ్య మోగకూడదు అని రాయండి. బోర్డులో పెట్టాక ఏ రెండు రంధ్రాల మధ్య మోగాలో కూడా రాయండి. ఎనామిల్ సరిగా గోకకపోతే టంకం చూపుకు అందంగానే ఉంటుంది, లోపల తీగకు అంటదు. నాకు తెలిసిన మూగ కిట్లలో చాలావాటికి కారణం ఇదే. కొన్ని రకాల తీగకు ఎనామిల్ వేడికే కరిగిపోతుంది, కొన్నింటికి బ్లేడుతో గోకక తప్పదు. మీరు పెట్టెలో పెట్టే తీగ ఏ రకమో మీరే టంకం వేసి చూసి ఆ మాట రాయండి.

చుట్ల లెక్క ఇంకో పెద్ద చిక్కు. ఉంగరం లాంటి కోర్ మీద తీగ ఒక్కసారి రంధ్రంలోంచి దూరితే ఒక చుట్టు. తీగను తిన్నగా దూర్చి వదిలినా అది ఒక చుట్టే. దారపు కండె చుట్టే అలవాటుతో లెక్కపెడితే మొదటి దూర్పును వదిలేస్తారు, పది అనుకున్నది పదకొండు అవుతుంది. కాయిల్ విలువ, అంటే ఇండక్టెన్సు, చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 21 శాతం ఎక్కువవుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పలకవలసిన సర్క్యూటు 6.45 దగ్గర పలుకుతుంది. బ్యాండు మొత్తం చేయి జారిపోయినట్లే. ‘లోపలి అంచు మీద కనిపించే తీగలను లెక్కపెట్టండి’ అనే చిన్న వాక్యం, పక్కనే ఫొటో ఉంటే ఈ తప్పు జరగదు. కోర్ల రంగు కూడా రాయాలి. టీ50-2 అనే కోర్ ఎర్రగా ఉంటుంది, టీ50-6 పసుపుగా ఉంటుంది. రంగు లేని నల్లటి ఫెర్రైట్ కోర్ వేరే పదార్థం, ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

విడిభాగాల గుర్తింపు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మీ లెక్చరర్లు బాగా చెప్పగలరు. సిరామిక్ కెపాసిటరు మీద 104 అని ఉంటే 0.1 మైక్రోఫారడ్. 101 అంటే 100 పికోఫారడ్లు. 100 అని ఉన్నది 100 కాదు, 10 పికోఫారడ్లు. దీన్ని పెద్ద అక్షరాలతో వేయండి. ట్రాన్సిస్టరు మార్చవలసి వస్తే కాళ్ల వరుస చూడాలి. చదును ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే బీసీ547కు ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. 2ఎన్3904కు సరిగ్గా తలకిందులు. మన ఊళ్లలో మొదటిది సులభంగా దొరుకుతుంది, బయటి దేశాల సర్క్యూట్లలో ఎక్కువగా రెండోది ఉంటుంది. కాబట్టి ఈ ప్రమాదం మనకే ఎక్కువ. నేను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీటులో ఒక పూట తిరిగి భాగాలు తెచ్చుకునేవాడిని. అందరికీ అది వీలుపడదు. కాబట్టి ప్రతి భాగానికీ బదులు వాడదగినది ఏది, దాన్ని ఎటు తిప్పి పెట్టాలి అన్నది పట్టికలో ఒక గడిగా ఉంచండి.

టంకం గురించి పుస్తకాలలో ఉన్నదంతా నిజమే, కానీ వాటిని రాసినవారి ఇళ్లలో 230 వోల్టులు నిలకడగా వస్తాయి. మా వీధిలో వేసవి సాయంత్రాలు 180కి దిగిపోయేది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఆ వోల్టేజి దగ్గర 15 వాట్ల వేడే ఇస్తుంది. టంకం కరుగుతుంది, కానీ పారదు. నెలలపాటు అది నా చేతి లోపమనుకున్నాను. ఐరన్ పట్టుకునే ముందు మెయిన్స్ వోల్టేజి ఎంత ఉందో చూసుకోవాలని పుస్తకంలో రాయండి. స్టెబిలైజరు మీద అంకె ఉంటే చాలు, మీటరు తీగలను విద్యార్థుల చేత ప్లగ్గులో పెట్టించవద్దు. రోహిణి కార్తెలో ఫ్యాను వేసుకుంటే ఐరన్ కొన చల్లబడుతుంది, ఆపితే కూర్చోలేము. తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు వరకు మంచి సమయం: వోల్టేజీ ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) సరిగా పడితే వేడి అన్నంలోకి నెయ్యి దిగినట్లు కాలు చుట్టూ పారి మెరవాలి. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే మళ్లీ వేడి చేయాలి.

మన తీరప్రాంతానికి ఇంకో ప్రత్యేక సూచన అవసరం. ఉప్పుగాలికి రాగి, భాగాల కాళ్లు త్వరగా నల్లబడతాయి. పెట్టె విప్పాక మిగిలిన భాగాలను గట్టి మూత ఉన్న సీసాలో ఉంచాలి, నల్లబడిన కాళ్లను బ్లేడుతో గోకిన తరువాతే వాడాలి. సింగరాయకొండ, మైపాడు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవారికి ఇది ఇంకా ముఖ్యం.

ఇప్పుడు తెలుగు సంగతి. మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదేనని నా నమ్మకం. నా పుస్తకం రెండో ప్రతి పూర్తయ్యాక, ఇంటర్ చదువుతున్న మా మేనకోడలికి కిట్టుతోపాటు ఇచ్చి, పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. తను ఎక్కడ ఆగితే అక్కడ నా ప్రతిలో పెన్సిలు గీత పెట్టాను. రెండు గంటల్లో తొమ్మిది గీతలు. మొదటిది, ‘ఈ తీగను ఎర్త్‌కు కలపండి’ అన్న చోట. ‘ప్లగ్గులో పైన ఉండే పెద్ద రంధ్రమా, మామయ్యా?’ అని అడిగింది. నా ప్రాణం ఝల్లుమంది. నేను రాసింది బోర్డు మీది గ్రౌండు గురించి. ఆ రంధ్రం ఇంటి కరెంటుది. పక్కన నేను లేకుండా ఉంటే ఏం జరిగేదో. ఆ రోజే ఆ మాట పుస్తకమంతటా తీసేసి, ‘బ్యాటరీ మైనస్ వచ్చే వెడల్పాటి రాగి పట్టీ’ అని రాశాను.

రెండో గీత రంగుల దగ్గర. ‘గోధుమ, నలుపు, నారింజ’ అని 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుకు రాశాను. రెసిస్టరు ఒళ్లే లేత గోధుమ రంగులో ఉంటుంది. తను ఒంటి రంగునే మొదటి పట్టీగా తీసుకుంది. పుస్తకాల తెలుగులో గోధుమ రంగంటే బ్రౌన్, ఇంట్లో గోధుమలు చూసిన పిల్లకు అది లేత రంగు. తప్పు తనది కాదు. ఇప్పుడు ‘కాఫీపొడి రంగు’ అని రాస్తున్నాను. ట్యూబులైటు కింద కాఫీపొడి, ఎరుపు, నారింజ ఒకదానిలా మరొకటి కనిపిస్తాయి కాబట్టి ప్రతి రెసిస్టరునూ మీటరుతో కొలిచాకే పెట్టమని కూడా చేర్చాను.

మూడోది కుడి, ఎడమ. భాగాలుండే ముఖం నుంచి చూస్తే కుడి, టంకం వేసే ముఖం నుంచి చూస్తే ఎడమ. ‘పేర్లు అచ్చువేసిన ముఖం పైకి, బ్యాటరీ సాకెట్టు మీ ఎడమ చేతి వైపు’ అని ప్రతి పేజీ తలమీద వేయండి. మాటల ఎంపికలో నా పద్ధతి ఇది: ఒంగోలులోనో నెల్లూరులోనో దుకాణంలో ఆ పేరుతో అడిగితే వస్తువు చేతికి రావాలి. నిరోధకం, ధారిత్రం అన్నవి పాఠంలో చెప్పుకోవడానికి మంచి మాటలే, కానీ కిట్టు పుస్తకంలో రెసిస్టరు, కెపాసిటరు అనే ఉండాలి. క్రియలు మాత్రం తేట తెలుగులో ఉండాలి. దూర్చండి, వంచండి, ఆనించండి, గోకండి, పెనవేయండి. చేతి పనికి మన భాషలో ఉన్నన్ని మాటలు వాడుకోకపోతే తెలుగులో రాసి ప్రయోజనం లేదు.

ఆదర్శంగా చూడదగినవి రెండు చెబుతాను. అమెరికాలో హీత్‌కిట్ సంస్థ 1947లో ఆసిలోస్కోపు కిట్టుతో ఎలక్ట్రానిక్స్ కిట్ల అమ్మకం మొదలుపెట్టింది. వారి పుస్తకాలలో ప్రతి పనికి ముందు ఒక ఖాళీ గడి ఉంటుంది, పని కాగానే అందులో టిక్కు పెట్టాలి. కరెంటు పోయి మళ్లీ రెండు గంటలకు వచ్చినా, పరీక్షలైపోయి నెల తరువాత కూర్చున్నా ఎక్కడ ఆగామో తెలుస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు తీసుకోండి. రెండోది మన హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్. మొదటిది 14 మెగాహెర్ట్జ్‌కు 6 వాట్ల ట్రాన్స్‌సీవరు. మన దుకాణాలలో దొరికే భాగాలతోనే నడవాలని, కోర్లు దొరకని చోట కొళాయి వాషర్ల మీద కాయిల్స్ చుట్టారు. ప్రతి భాగం ఎందుకుందో కూడా వివరించారు. ఎందుకో తెలిసిన మనిషి, పుస్తకంలో లేని తప్పు ఎదురైనా దాన్ని పట్టుకోగలడు.

బోర్డు మీద వెర్షన్ సంఖ్య, పుస్తకం మీద తేదీ వేయండి. తప్పులు దొరికితే సవరణల పేజీని వెనుక కాకుండా మొదటి పేజీకే అంటించండి. ట్రాన్స్‌మిటరు జోలికి మొదటి ఏడాది వెళ్లవద్దు. ప్రసారానికి కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు, రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అవసరం లేదు. రిసీవరు కట్టి, రోజూ ఒక గంట బ్యాండు విన్న పిల్లలకు ఆ పరీక్ష సులువవుతుంది.

మీ మూడు మూగ బోర్డుల సంగతి. ఇప్పుడే ఏ భాగాన్నీ పీకవద్దు. కాయిల్ కొసలు దిగిన రంధ్రాల మధ్య మీటరు మోగుతోందో లేదో ముందు చూడండి, బోర్డుకు కరెంటు లేనప్పుడు. తరువాత కరెంటు ఇచ్చి ఎల్ఎం386 6వ కాలు, 5వ కాలు మీద వోల్టేజి కొలవండి. పలుకుతున్న బోర్డు మీద కూడా అవే కొలవండి. నాలుగు బోర్డుల అంకెలు పక్కపక్కన రాసి పంపండి. పలుకుతున్న బోర్డు అంకెలు మీ పుస్తకంలో మొదటి పట్టిక అవుతాయి, మిగతా మూడింటి సంగతి వాటిని చూసి చెబుతాను.